వృద్ధాశ్రమాల్లో సంరక్షణ నాణ్యత: మంచాల లెక్క చాలదు

అంశం పరిధి

సివిల్స్ మెయిన్స్ జనరల్ స్టడీస్ రెండో పేపర్‌లో బలహీన వర్గాల సంక్షేమ పథకాలు, వాటి అమలు అనే భాగం కిందికి వృద్ధుల సంరక్షణ వస్తుంది. మొదటి పేపర్‌లోని జనాభా సమస్యలతోనూ దీనికి సంబంధం ఉంది. గ్రూప్-1 రాసేవారూ ఈ రెండు కోణాల నుంచీ సిద్ధం కావాలి. చాలామంది అభ్యర్థులు చట్టం పేరు, సెక్షన్ నంబరు, పింఛను మొత్తం రాసి, ఉమ్మడి కుటుంబాలు చెదిరిపోయాయని ఒక పేరా కలిపి ముగిస్తారు. ఆ జవాబులో ఆశ్రమం గేటు దాకానే వెళ్తారు. లోపలున్న మనిషికి పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునే దాకా ఏం అందుతోంది, ఎలా అందుతోంది, దాన్ని చూసేవారెవరు అన్నది మిగిలిపోతుంది. నాణ్యత మీద ప్రశ్న వస్తే పరీక్షకుడు అడిగేది దాని గురించే.

ఎంతమంది, ఎందుకు

2011 జనగణన ప్రకారం దేశంలో 60 ఏళ్లు దాటినవారు సుమారు 10.38 కోట్లు, అంటే జనాభాలో 8.6 శాతం. జనాభా అంచనాల సాంకేతిక బృందం లెక్కల్లో 2021 నాటికి ఇది 10.1 శాతానికి చేరింది. 2031కి 13.1 శాతం అవుతుందని అంచనా. తెలుగు రాష్ట్రాలు జాతీయ సగటు కంటే ముందున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో 12.4 శాతంగా ఉన్న వృద్ధుల వాటా 2031కి 16.4 శాతానికి, తెలంగాణలో 11 నుంచి 14.5 శాతానికి పెరుగుతుందని అదే అంచనా చెబుతోంది. దీనికి ప్రధాన కారణం సంతాన సాఫల్య రేటు పడిపోవడం. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఆ రేటు 1.7, తెలంగాణలో 1.8. ఒకరిద్దరు పిల్లలు, వాళ్లూ బెంగళూరులోనో డాలస్‌లోనో ఉండటం ఇప్పుడు కోస్తా, తెలంగాణ పట్టణాల్లో మామూలు సంగతి.

గుర్తుంచుకోవాల్సిన మరో అంకె ఉంది. ఐరాస జనాభా నిధి, ముంబైలోని అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థ కలిసి తెచ్చిన భారత వృద్ధాప్య నివేదిక-2023 ప్రకారం 2022-2050 మధ్య 80 ఏళ్లు దాటినవారి సంఖ్య దాదాపు 279 శాతం పెరుగుతుంది. అరవై ఐదేళ్ల మనిషికి కావాల్సింది తోడు, కాలక్షేపం, వేళకు భోజనం. ఎనభై ఐదేళ్ల మనిషికి స్నానం చేయించే చేతులు కావాలి. అందువల్ల రేపటి ఆశ్రమాలు వసతి గృహాలుగా ఉంటే సరిపోదు, సంరక్షణ గృహాలుగా మారాలి. 2017-18లో జరిగి 2021 జనవరిలో విడుదలైన లాసీ సర్వే (భారత వృద్ధాప్య దీర్ఘకాలిక అధ్యయనం) ప్రకారం వృద్ధుల్లో 75 శాతం మందికి ఏదో ఒక దీర్ఘకాలిక జబ్బు, 40 శాతం మందికి ఏదో ఒక వైకల్యం, 20 శాతం మందికి మానసిక సమస్యలు ఉన్నాయి.

చట్టం చెప్పింది, వదిలేసింది

రాజ్యాంగంలో 41వ అధికరణ వృద్ధాప్యంలో ప్రభుత్వ సహాయం గురించి చెబుతుంది. అది ఆదేశిక సూత్రం కనుక నేరుగా కోర్టుకెళ్లి అమలు చేయించుకోలేం. ఆ లోటును 21వ అధికరణ కొంత పూడుస్తోంది. అశ్వనీ కుమార్ వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా కేసులో 2018 డిసెంబరు 13న సుప్రీంకోర్టు వృద్ధుల గౌరవం, ఆశ్రయం, ఆరోగ్యం జీవించే హక్కులో భాగమేనని చెప్పి, జిల్లాల వారీగా వృద్ధాశ్రమాల వివరాలు సేకరించాలని కేంద్రాన్ని ఆదేశించింది. వృద్ధాశ్రమాల మీద జవాబు రాసేటప్పుడు ఈ తీర్పు తప్పక రావాలి.

ప్రధాన చట్టం తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం-2007. భరణానికి దరఖాస్తు చేసుకుంటే 90 రోజుల్లో తేల్చాలని, ప్రత్యేక పరిస్థితుల్లో మరో 30 రోజులు పొడిగించవచ్చని, భరణం నెలకు 10 వేల రూపాయలకు మించకూడదని అందులో ఉంది. మన అంశానికి ప్రాణం 19వ సెక్షన్. ప్రతి జిల్లాలో కనీసం ఒక వృద్ధాశ్రమంతో మొదలుపెట్టి, కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు వసతి కల్పించేలా రాష్ట్రాలు దశలవారీగా ఏర్పాటు చేయవచ్చని అది చెబుతుంది. ‘చేయవచ్చు’ అన్న మాటను గమనించాలి. అది విధిగా చేయాల్సిన పనిగా చట్టంలోకి ఎక్కలేదు. అదే సెక్షన్ రెండో భాగం ఆశ్రమాల నిర్వహణ, ప్రమాణాలు, వైద్యం, వినోదం గురించి రాష్ట్రాలు పథకం రూపొందించవచ్చని చెప్పి వదిలేసింది. 20వ సెక్షన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో వృద్ధులకు పడకలు, విడి వరసలు, జిల్లా ఆసుపత్రుల్లో వృద్ధాప్య వైద్య సదుపాయాల గురించి మాట్లాడుతుంది.

అంటే మంచాలు ఎన్నో చట్టంలోనే ఉంది. ఆ మంచం మీద పడుకున్న మనిషిని ఎలా చూసుకోవాలన్నది రాష్ట్రాలకు వదిలేసిన విషయం. పైగా 19వ సెక్షన్ నిరుపేదల ఆశ్రమాల గురించే మాట్లాడుతుంది. నెలకు వేలల్లో రుసుము తీసుకునే ప్రైవేటు గృహాలకు దీని కింద ప్రమాణం లేదు. ఈ లోటు పూడ్చడానికే 2019 డిసెంబరులో లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టారు. సంరక్షణ గృహాల రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు, ఇంటి వద్ద సంరక్షణ సేవలు, భరణంపై 10 వేల పరిమితి ఎత్తివేత అందులో ఉన్నాయి. స్థాయీ సంఘం దాన్ని పరిశీలించి 2021లో నివేదిక కూడా ఇచ్చింది. అయినా 17వ లోక్‌సభ రద్దుతో 2024లో ఆ బిల్లు మురిగిపోయింది. దాదాపు నాలుగున్నరేళ్ల పాటు చేతిలో ఉన్న ఒక మంచి బిల్లును వదులుకోవడం నా దృష్టిలో చిన్న విషయం కాదు. విరమణ గృహాలపై కేంద్ర గృహనిర్మాణ శాఖ 2019లో తెచ్చిన నమూనా మార్గదర్శకాలున్నా, అవి రాష్ట్రాలు తీసుకుంటేనే పనికొస్తాయి. అవి ముఖ్యంగా ఇళ్లు కొనేవారి కోసం రాసినవి.

నాణ్యతను కొలిచే చట్రం

వైద్య సేవల నాణ్యతపై అవెడిస్ డొనబెడియన్ 1966లో రాసిన వ్యాసం ఇప్పటికీ ఆధారం. ఆయన నాణ్యతను మూడుగా విడదీశాడు: నిర్మాణం, ప్రక్రియ, ఫలితం. భవనం, మంచాలు, సిబ్బంది సంఖ్య, మందుల నిల్వ నిర్మాణంలోకి వస్తాయి. రోజూ జరిగే పని, అంటే స్నానం చేయించడం, మందులివ్వడం, పక్కకు తిప్పడం, మాట్లాడటం ప్రక్రియ. ఆ మనిషికి చివరికి ఏం జరిగిందన్నది ఫలితం. పుండు పడిందా, బరువు తగ్గిందా, కింద పడ్డారా, దిగులు పెరిగిందా అన్నవి ఫలితాలే.

మన దగ్గర తనిఖీ జరిగితే నిర్మాణం దగ్గరే ఆగుతుంది. గదులు లెక్కపెడతారు, వంటగది చూస్తారు, రిజిస్టరు తిరగేస్తారు. అన్నీ బాగున్న భవనంలోనే ఒక మూల గదిలో మూడు రోజులుగా నడుం తిప్పని మనిషి ఉండొచ్చు. మెయిన్స్ జవాబుకు ఈ మూడు భాగాల చట్రం మంచి వెన్నెముక. ఏ సూచన ఇచ్చినా అది ఏ భాగంలోకి వస్తుందో చూసుకుంటే జవాబు పలచబడదు.

ఎవరికి ఎంత సాయం కావాలో తెలియడానికి సిడ్నీ కాట్జ్ 1963లో ఇచ్చిన కొలమానం వాడతారు. స్నానం, బట్టలు కట్టుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లడం, మంచం మీంచి కుర్చీలోకి మారడం, మలమూత్రాలపై అదుపు, తినడం అనే ఆరు పనుల్లో మనిషి ఎన్ని సొంతంగా చేసుకోగలరో అది చూస్తుంది. కాలూ చేయీ ఆడుతున్న ముగ్గురిని చూసుకునే ఆయా, మంచాన పడ్డ ముగ్గురిని అదే తీరున చూసుకోలేదు. అందుకే ఇంతమందికి ఒక ఆయా అని లెక్క కట్టే ముందు ఈ ఆరు పనుల లెక్క వేయాలి.

మంచం పక్కన జరిగే పని

మంచాన పడ్డవారికి మొదటి శత్రువు ఒరుసుకుపోయే పుండు. నడుం కింది ఎముక, తుంటి, మడమల దగ్గర బరువంతా ఒకేచోట పడితే రక్తం ఆడక చర్మం చనిపోతుంది. సాధారణంగా రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, తడి పక్క వెంటనే మార్చడం, మాంసకృత్తులున్న తిండి పెట్టడం దీనికి విరుగుడు. నొక్కినా పోని ఎరుపు తొలి గుర్తు అని పుస్తకాల్లో ఉంటుంది. మన చామనఛాయ ఒంటి మీద ఆ ఎరుపు సరిగా కనిపించదు. చేత్తో తడిమి వేడిగా ఉందా, గట్టిపడిందా అని చూడాలి. ఈ మాట ఆయాకు ఎవరో ఒకరు చేయి పట్టి చూపించి నేర్పితేనే వస్తుంది. మంచం దగ్గర ఒక కాగితం పెట్టి ఏ గంటకు ఎటు తిప్పారో రాసి సంతకం పెట్టిస్తే చాలు, ఖర్చు లేని నాణ్యతా సాధనం అది.

రెండోది పడిపోవడం. ఎక్కువగా రాత్రిపూట మరుగుదొడ్డికి లేచినప్పుడు జరుగుతుంది. రక్తపోటు మాత్ర వల్ల లేవగానే తల తిరుగుతుంది, నిద్రమాత్ర వల్ల కాలు తడబడుతుంది, స్నానాల గది నేల తడిగా ఉంటుంది. తుంటి విరిగిన మనిషి మళ్లీ పాత నడకకు రావడం కష్టం. గోడకు పట్టుకునే కమ్మీ, రాత్రి వెలిగే చిన్న దీపం, పాదం నేలకు ఆనేంత ఎత్తున్న మంచం, జారని చెప్పులు ఇందులో కావాల్సినవి. పడతారని మంచానికి కట్టేయడం పరిష్కారం కాదు. కట్టేసిన మనిషికి కండ కరుగుతుంది, పుండ్లు పడతాయి, కట్టు విడిపించుకోబోయి గాయాలూ అవుతాయి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం-2017లోని 97వ సెక్షన్ మానసిక ఆరోగ్య సంస్థల్లో నిర్బంధాన్ని శిక్షగా వాడకూడదని, ఒంటరి గదిలో బంధించకూడదని స్పష్టంగా చెబుతుంది. వృద్ధుల గృహాలకూ ఇదే ప్రమాణం కావాలి.

మందుల విషయం ఇంకా లోతైనది. గుండెకు ఒక డాక్టరు, చక్కెరకు ఒకరు, కీళ్లకు మరొకరు రాసినవన్నీ ఒకే డబ్బాలో చేరతాయి. ఐదు, అంతకు మించి మందులు వాడటాన్ని బహుళ ఔషధ వినియోగం అంటారు. వృద్ధులకు హాని చేసే అవకాశమున్న మందుల జాబితా ఒకటి 1991 నుంచి బీర్స్ ప్రమాణాల పేరుతో ఉంది, ఎప్పటికప్పుడు సవరిస్తున్నారు. డిమెన్షియా ఉన్నవారు రాత్రి అరుస్తున్నారని, అటూ ఇటూ తిరుగుతున్నారని మత్తు కలిగించే మానసిక వ్యాధి మందులు ఇవ్వడం ప్రపంచమంతటా ఉన్న చెడు అలవాటు. వీటివల్ల ఆ రోగుల్లో మరణాల ముప్పు పెరుగుతోందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లో హెచ్చరించింది. అరిచే మనిషికి నొప్పి ఉండొచ్చు, మూత్రం బిగిసి ఉండొచ్చు, దాహం వేస్తుండొచ్చు. ముందు అది చూడాలి.

తిండి గురించి చెప్పేటప్పుడు పోషకాల పట్టిక రాయడం కంటే పద్ధతి రాయడం మంచిది. పళ్లు లేని నోటికి ముద్ద మెత్తగా ఉండాలి, మింగడం కష్టమైనవారిని నిటారుగా కూర్చోబెట్టి చిన్న చిన్న ముద్దలుగా పెట్టాలి. పడుకోబెట్టి జావ పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. పక్క తడుపుతారని సాయంత్రం నుంచి నీళ్లు తగ్గించే అలవాటు చాలాచోట్ల కనిపిస్తుంది. నీళ్లు తగ్గితే మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, చివరికి ఉన్నట్టుండి మతి తప్పడం దాకా వెళ్తుంది. చక్కెర జబ్బున్నవారికి ఇన్సులిన్ ఇచ్చాక భోజనం ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు. ఇవన్నీ పట్టుకునే సులువైన కొలత నెలకోసారి తూకం. నెలలో 5 శాతం, లేదా ఆరు నెలల్లో 10 శాతం బరువు తగ్గితే కారణం వెతకాల్సిందే.

డిమెన్షియా

లాసీ సమాచారం ఆధారంగా 2023లో ప్రచురితమైన అంచనా ప్రకారం దేశంలో 60 దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. ‘వయసు మీద పడింది, చాదస్తం’ అని సరిపెట్టుకునే చోట జబ్బు గుర్తింపే ఉండదు. టామ్ కిట్‌వుడ్ 1997 నాటి పుస్తకంలో వ్యక్తి కేంద్రిత సంరక్షణ అనే ఆలోచనను బలంగా నిలబెట్టాడు. జబ్బు కంటే ముందు మనిషిని చూడమన్నది ఆయన వాదం. జీవితమంతా బడిలో పాఠాలు చెప్పిన మనిషి సాయంత్రం నాలుగింటికి గేటు దగ్గరకొచ్చి బడి వదిలే వేళైందంటే, కూర్చోబెట్టి వాదించకుండా ఆ పిల్లల గురించి అడిగితే ఆయన నెమ్మదిస్తారు. అందుకు ఆ మనిషి బతుకు గురించి సిబ్బందికి ముందే తెలిసుండాలి. చేర్చుకునే రోజు ఆధార్ నకలుతో పాటు ఆ మనిషి కథ కూడా ఒక పేజీ రాసుకోవాలి.

నిర్ణయం ఎవరిది?

1991 డిసెంబరులో ఐరాస సర్వప్రతినిధి సభ ఆమోదించిన వృద్ధుల సూత్రాలు ఐదు శీర్షికల కింద ఉన్నాయి: స్వతంత్రత, భాగస్వామ్యం, సంరక్షణ, ఆత్మ సంతృప్తి, గౌరవం. ఏ ఆశ్రయంలో ఉన్నా మానవ హక్కులు, విశ్వాసాలు, ఏకాంతం, తన సంరక్షణ గురించి తానే నిర్ణయించుకునే హక్కు ఉంటాయని అందులో ప్రత్యేకంగా ఉంది. సామాజిక శాస్త్రం ఐచ్ఛికంగా తీసుకున్నవారు ఎర్వింగ్ గాఫ్‌మన్ 1961లో చెప్పిన ‘సంపూర్ణ సంస్థ’ భావనను ఇక్కడ వాడుకోవచ్చు. తినడం, పడుకోవడం, పని అన్నీ ఒకే కప్పు కింద, ఒకే అధికారం కింద, ఒకే వేళకు జరిగే చోట మనిషి తన ఉనికిని క్రమంగా కోల్పోతాడు.

ఆచరణలో ఇది చాలా చిన్న విషయాల్లో తేలుతుంది. కాఫీ ఎప్పుడు, స్నానం పొద్దునా సాయంత్రమా, గడ్డం ఎవరు గీస్తారు, పండక్కి ఊరికి పంపుతారా, పింఛను డబ్బు ఎవరి చేతిలో ఉంటుంది? తలుపు కొట్టకుండా గదిలోకి రావడం, నలుగురి ముందు డైపర్ మార్చడం, అందరికీ ఒకే రకం గుండు కొట్టించడం కొట్టినంత పని. ఒకరి చేత చేయించుకునే రోజు రాకూడదని మన పెద్దలు అంటూ ఉంటారు. ఆ రోజు వచ్చినప్పుడు ఎవరు ఎలా చేస్తున్నారన్నదే వాళ్ల గౌరవాన్ని నిలబెడుతుంది.

ఆయాల సంగతి

ఇప్పటిదాకా చెప్పిన ప్రతి పనీ ఒక ఆయా చేతిలో ఉంది. నాణ్యతపై నా వాదనంతా ఇక్కడికే వస్తుంది: ఆమె జీతం, శిక్షణ, పనిగంటలు మారకుండా సంరక్షణ మారదు. రాత్రి పన్నెండు గంటల డ్యూటీలో ఒక్కతే ఇరవై మందిని చూస్తే రెండు గంటలకోసారి తిప్పమన్న నియమం కాగితం మీదే ఉంటుంది. అలసట కరుకు మాటగా, కరుకు మాట విసురుగా మారుతుంది. దుర్వ్యవహారాన్ని శిక్షలతో మాత్రమే ఆపాలనుకునేవారు ఈ సంగతి మర్చిపోతారు.

అమెరికాలో 1987 నర్సింగ్ హోమ్ సంస్కరణ చట్టం సహాయకులకు కనీసం 75 గంటల శిక్షణ తప్పనిసరి చేసింది. జపాన్ అదే 1987లో సంరక్షణ కార్యకర్తలకు జాతీయ అర్హత కల్పించే చట్టం తెచ్చింది. ఇంగ్లండ్‌లో 2015 నుంచి కేర్ సర్టిఫికెట్ ఉంది. మన దగ్గర అటల్ వయో అభ్యుదయ యోజనలో వృద్ధ సంరక్షకుల శిక్షణ ఒక భాగంగా ఉంది, జాతీయ సామాజిక రక్షణ సంస్థ కోర్సులు నడుపుతోంది. శిక్షణ పొందినవారినే నియమించాలన్న నిబంధన, వారికి తగిన కనీస వేతనం లేనప్పుడు ఆ సర్టిఫికెట్‌కు బజారులో విలువ రాదు.

తనిఖీ: ఇతర దేశాల పాఠం

ఇంగ్లండ్‌లో 2009 నుంచి పనిచేస్తున్న కేర్ క్వాలిటీ కమిషన్ ప్రతి గృహాన్ని ఐదు ప్రశ్నలతో చూస్తుంది: సురక్షితమా, ఫలితం ఇస్తోందా, ఆప్యాయత ఉందా, అవసరానికి స్పందిస్తోందా, నాయకత్వం బాగుందా. నాలుగు స్థాయుల్లో ఇచ్చే గ్రేడును అందరికీ కనబడేలా పెట్టాలి. అమెరికాలో 2008 నుంచి నర్సింగ్ హోమ్‌లకు ఐదు నక్షత్రాల గ్రేడు ఇస్తున్నారు. అక్కడ తొలినాళ్లలో కొన్ని అంశాలకు గృహాలు సొంతంగా ఇచ్చుకున్న లెక్కలే ఆధారం కావడంతో విమర్శలు వచ్చాయి. మనం గ్రేడులు తెచ్చుకునేటప్పుడు ఇది గుర్తుండాలి. డబ్బు సంగతికొస్తే, జపాన్ 2000 నుంచి దీర్ఘకాలిక సంరక్షణ బీమా నడుపుతోంది. 40 ఏళ్లు దాటినవారంతా ప్రీమియం కడతారు.

గుర్తుంచుకోవాల్సిన పథకాలు

అటల్ వయో అభ్యుదయ యోజన 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న గొడుగు పథకం. దీనిలోని సమగ్ర వృద్ధుల కార్యక్రమం కింద 25 మంది నిరుపేద వృద్ధుల గృహాలకు, 50 మంది వృద్ధ మహిళల గృహాలకు, డిమెన్షియా వంటి జబ్బులున్నవారి నిరంతర సంరక్షణ గృహాలకు కేంద్రం సాయం చేస్తుంది. చేతికర్ర, వినికిడి పరికరం, చక్రాల కుర్చీ వంటివి ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017లో నెల్లూరు జిల్లాలోనే మొదలైంది. 14567 నంబరు ఎల్డర్ లైన్‌కు కూడా తెలుగు నేల మీదే పునాది పడింది. టాటా ట్రస్టులు, విజయవాహిని ఫౌండేషన్ హైదరాబాద్‌లో మొదలుపెట్టిన సేవను దేశమంతటికీ విస్తరించి, 2021 అక్టోబరు 1న అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు జాతికి అంకితం చేశారు. వృద్ధుల జాతీయ ఆరోగ్య కార్యక్రమం 2010-11లో మొదలైంది. 70 దాటిన అందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ భారత్ వర్తింపు 2024 అక్టోబరు 29న ఆరంభమైంది. నీతి ఆయోగ్ 2024 ఫిబ్రవరిలో వృద్ధ సంరక్షణ సంస్కరణలపై పత్రం తెచ్చింది.

వీటి మధ్య ఒక వంతెన లేదు. ఆశ్రమంలో ఉన్న వృద్ధుడి దగ్గరకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు నెలకోసారైనా రావాలన్న కచ్చితమైన ఏర్పాటు ఉంటే పుండ్లు, మందులు, తూకం మూడూ ఒకే రోజు చూడొచ్చు. చివరి దశలో ఉన్నవారికి ఉపశమన చికిత్స కూడా అలాగే కలపాలి. కేరళ 2008లోనే దీనిపై ప్రత్యేక విధానం తెచ్చింది, తెలంగాణలో జిల్లా స్థాయి ఉపశమన చికిత్స కేంద్రాలున్నాయి. అవసాన దశలో ఆశ్రమం నుంచి ఆసుపత్రికి, అక్కడి నుంచి మళ్లీ ఆశ్రమానికి అంబులెన్సుల్లో తిప్పడం కంటే, నొప్పి తగ్గించి తెలిసిన మొహాల మధ్య ఉంచడమే మేలు.

సాధన ప్రశ్న

‘వృద్ధాశ్రమాల సంఖ్య పెంచడం కంటే వాటిలోని సంరక్షణ నాణ్యతను పెంచడం ముఖ్యం. చర్చించండి.’ (250 పదాలు)

ఈ ప్రశ్నలో ‘కంటే’ అన్న పోలికను గుడ్డిగా ఒప్పుకోకండి. చాలా జిల్లాల్లో నిరుపేదకు చేరడానికి మంచమే లేనప్పుడు సంఖ్యా ముఖ్యమే. 19వ సెక్షన్, అశ్వనీ కుమార్ తీర్పుతో మొదలుపెట్టి, డొనబెడియన్ చట్రంతో లోటు ఎక్కడుందో చూపండి. సూచనల్లో ఉచిత, రుసుము గృహాలన్నిటికీ తప్పనిసరి రిజిస్ట్రేషన్, ఆరు పనుల లెక్కను బట్టి సిబ్బంది, పుండ్లు-పడిపోవడాలు-బరువు-నిర్బంధం అనే నాలుగు సూచికలు బహిరంగంగా ప్రకటించడం, గ్రాంటును ఆ సూచికలతో ముడిపెట్టడం, నివాసులతో కమిటీ, ఆయాలకు వేతన రక్షణ ఉండాలి. గ్రాంటు ముడిపెడితే ఎక్కువ జబ్బున్నవారిని చేర్చుకోవడానికి గృహాలు వెనకాడే ప్రమాదం ఉంది. చేరిన రోజు స్థితితో పోల్చి ఫలితం లెక్కించాలని ఒక వాక్యం కలపండి.